హెవీ అల్లాయ్ బోరింగ్ బార్: రెండు రాడ్ల బరువు ఒకటే, నడత వేరు

విజయనగరంలోని మా లేత్ షాపుకు టెక్కలి వైపు గ్రానైట్ పరిశ్రమల నుంచి వచ్చే పనుల్లో పాలిషింగ్ యంత్రాల స్పిండిల్ స్లీవ్‌లు, అంటే తిరిగే ఇరుసు మీది గొట్టం వంటి తొడుగులు, ముఖ్యమైనవి. స్లీవ్ బయటి వైపు టర్నింగ్ ఏ లేత్ మీదనైనా అయిపోతుంది. 32 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 115 మిల్లీమీటర్ల లోతు వరకు ఒకే కొలతలో, గీత పడకుండా బోర్ చేయడం దగ్గరే కష్టమంతా ఉంటుంది. ఆ రంధ్రంలోకి దూరి, కోతలో రాలే చిప్పు బయటికి రావడానికి చోటు మిగలాలంటే బోరింగ్ బార్, అంటే కొనకు కోత పలక బిగించిన కడ్డీ, 20 మిల్లీమీటర్ల లావుకు మించకూడదు. చివరి దాకా చేరాలంటే అదే బార్ దాన్ని బిగించే టూల్ పోస్ట్ నుంచి 120 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, అంటే వ్యాసానికి ఆరు రెట్లు. స్టీలు బార్ వ్యాసానికి నాలుగు రెట్ల వరకే నిలకడగా కోస్తుందని, ఆ పైన వణకడం మొదలుపెడుతుందని ఈ పనిలో ఉన్న ప్రతి టర్నరుకూ తెలుసు. మా స్టీలు బార్ కూడా అంతే; సగం లోతు దాటేసరికి షాపంతా గరగరమని మోగేది, స్లీవ్ లోపల అలలు అలలుగా మార్కులు పడేవి, వాటిని ఎమెరీ కాగితంతో రుద్దుతూ కూర్చోవలసి వచ్చేది.

ఘన కార్బైడ్ బార్ అయితే ఎనిమిది రెట్ల వరకు నిలబడుతుంది, కానీ దాని ఖరీదు మా షాపు భరించగలిగేది కాదు, పైగా ఒక్కసారి టూల్ ఇరుక్కుంటే ముక్కలవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న పదార్థం టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్. ఆరు రెట్ల పొడవు దానికి తగిన పనే. గత ఏడాది పైడితల్లి సిరిమానోత్సవానికి ముందు ఒక సరఫరాదారు దగ్గర 20 మిల్లీమీటర్ల వ్యాసం, 200 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రాడ్డు ఒకటి, సంక్రాంతి తరువాత మరో సరఫరాదారు దగ్గర అదే కొలతలో ఇంకొకటి కొన్నాను. రెండిటి మీదా రాసి ఉన్న మిశ్రమం ఒకటే: టంగ్‌స్టన్ 92.5 శాతం, నికెల్ 5.25 శాతం, ఇనుము 2.25 శాతం. రెండిటి బరువూ ఒకటే. మొదటిది నెల తిరగకుండా విరిగిపోయింది; రెండోది ఈ రోజు వరకు రోజూ పని చేస్తోంది. నా సమీక్ష ఈ రెండు రాడ్ల గురించి.

కొనే ముందు మాట ఒకటి స్పష్టం చేసుకోవాలి. మన వైపు హార్డ్‌వేర్ దుకాణంలో టంగ్‌స్టన్ రాడ్డు కావాలంటే టిగ్ వెల్డింగుకు వాడే సన్నని ఎలక్ట్రోడ్ చేతిలో పెడతారు, టూల్స్ అమ్మే చోట అడిగితే కార్బైడ్ చూపిస్తారు. కార్బైడ్ అంటే టంగ్‌స్టన్, కార్బన్ కలిసిన చాలా గట్టి సమ్మేళనాన్ని కోబాల్టుతో అతికించినది. దాన్ని వజ్రపు చక్రంతో సానబెట్టవలసిందే తప్ప లేత్ మీద తిప్పి కోయలేము. హెవీ అల్లాయ్‌లో ఉండేది అసలు టంగ్‌స్టన్ లోహమే, నికెల్, ఇనుము గాని నికెల్, రాగి గాని దానికి తోడుగా ఉంటాయి. మామూలు కార్బైడ్ ఇన్సర్ట్‌తో, అంటే కొనకు బిగించే కోత పలకతో, దాన్ని కోయవచ్చు, డ్రిల్ చేయవచ్చు. కాబట్టి ఫోనులో అడిగేటప్పుడు "టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్, నికెల్-ఇనుము రకం" అని పూర్తిగా చెప్పడం మంచిది. నికెల్-రాగి రకం అయస్కాంతానికి అంటదు, అయస్కాంత ప్రభావం ఉండకూడని పరికరాలకు అది కావాలి. కానీ బలంలోనూ సాగడంలోనూ నికెల్-ఇనుము రకానిదే పైచేయి, మన పనికి అదే సరైనది.

మొదటి రాడ్డు వచ్చిన రోజు పెట్టె ఎత్తిన కుర్రవాడు దాన్ని వెంటనే కింద పెట్టి నా వైపు చూశాడు. చేతి వేలంత లావు, జానెడు పొడవు ఉన్న రాడ్డు కిలో పైన తూగుతుందని కన్ను ఒప్పుకోదు. అదే కొలత స్టీలు అరకిలో కూడా ఉండదు. విశాఖ ఆటోనగర్‌లో వైర్‌కట్ (కరెంటు పారే సన్నని తీగతో లోహాన్ని కోసే యంత్రం) మీద చివర 20 మిల్లీమీటర్ల బిళ్ల ఒకటి కోయించి, సాంద్రత చూడడానికి గంటస్తంభం దగ్గర ఉన్న ఒక బంగారు పనివారి దుకాణానికి తీసుకువెళ్లాను. అంత సూక్ష్మమైన త్రాసు మా షాపులో లేదు. గాలిలో 109.9 గ్రాములు తూగిన బిళ్లను సన్నని దారానికి కట్టి నీటిలో వేలాడదీసి తూచితే 6.29 గ్రాములు తగ్గింది. లెక్క కడితే ఘన సెంటీమీటరుకు 17.47 గ్రాములు. 22 క్యారట్ల ఆభరణ బంగారం సాంద్రత కూడా ఇంచుమించు ఇంతే కాబట్టి ఆ పెద్దాయన బిళ్లను అటూ ఇటూ తిప్పి, "ఏటి బాబూ ఇది, చూస్తే ఇనుములా ఉంది, తూస్తే బంగారంలా ఉంది" అన్నారు. అంతర్జాతీయంగా వాడే ఏఎస్‌టీఎం బీ777 ప్రమాణంలో 92.5 శాతం టంగ్‌స్టన్ ఉన్న రెండో తరగతికి సాంద్రత 17.15 నుంచి 17.85 వరకు ఉండవచ్చు. మా బిళ్ల దానికి నడిమధ్యన నిలిచింది. రాడ్డుతో సరఫరాదారు ఇచ్చిన పరీక్ష పత్రంలో రాసిన సంఖ్యా సరిపోయింది. నిశ్చింతగా బార్ తయారు చేశాం.

పది స్లీవ్‌లు ఎంతో చక్కగా వచ్చాయి. పదకొండో దానిలో చిప్పు ఇరుక్కుని ఇన్సర్ట్ ఒక్క క్షణం లోపలికి దిగబడింది. అంతటి దెబ్బకు మంచి హెవీ అల్లాయ్ బార్ కాస్త వంగవచ్చు, లేదా ఇన్సర్ట్ మూల రాలిపోవచ్చు. మా బార్ మాత్రం స్క్రూ రంధ్రం దగ్గర సుద్దముక్కలా టక్కున విరిగింది. సరఫరాదారుకు ఫోను చేస్తే పత్రంలో రాసినట్టే మిశ్రమం, సాంద్రత ఉన్నాయి కదా అన్నారు. వారు చెప్పింది అక్షరాలా నిజం. నన్ను ఎక్కువ బాధపెట్టింది కూడా అదే, ఎందుకంటే నేను పరీక్షించవలసిన గుణాన్ని పరీక్షించకుండా, తేలికగా తూచగలిగిన గుణాన్ని తూచి తృప్తిపడ్డాను.

లోహశాస్త్రం బోధించే మా మేనల్లుడు విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను చూడమన్నాడు. గసగసాలు పోసి అదిమినట్టు గుండ్రని గింజలు, వాటి పక్కన అదే పరిమాణంలో గుంటలు. "మావయ్యా, గింజ విరగలేదు చూడండి, మధ్యలో ఉన్న బంధం కూడా సాగలేదు; గింజ దాని గూట్లోంచి ఊడివచ్చింది" అన్నాడు. అతను ఆ మాట ఎందుకన్నాడో అర్థం కావాలంటే ఈ రాడ్డు ఎలా పుడుతుందో కొంత తెలియాలి.

టంగ్‌స్టన్ కరగాలంటే 3422 డిగ్రీల సెల్సియస్ కావాలి. లోహాలన్నిటిలోనూ ఇదే అత్యధికం. బుడితి పనివారు కంచునూ ఇత్తడినీ కరిగించి అచ్చులో పోసినట్టు దీన్ని పోయడం సాధ్యం కాదు, పోయడానికి తగిన మూసే దొరకదు. అందుకని పొడితో మొదలుపెడతారు. టంగ్‌స్టన్ ఆక్సైడును హైడ్రోజన్ ప్రవాహంలో వేడిచేస్తే ఆక్సిజన్ నీటి ఆవిరిగా వెళ్లిపోయి కొన్ని మైక్రాన్ల పరిమాణంలో బూడిదరంగు లోహపు పొడి మిగులుతుంది. దానికి నికెల్, ఇనుము పొడులను కలిపి గంటల తరబడి తిప్పుతారు. ఈ రెండింటి పాళ్లు సాధారణంగా ఏడుకు మూడు. నికెల్ మరీ ఎక్కువైతే చల్లారేటప్పుడు నికెల్, టంగ్‌స్టన్ కలిసి పెళుసు సమ్మేళనం ఏర్పడే ప్రమాదం ఉంది. కలిపిన పొడిని రబ్బరు సంచిలో నింపి, ద్రవంలో ముంచి, వాతావరణ పీడనానికి రెండు వేల రెట్ల ఒత్తిడితో అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతారు. అలా వచ్చిన దిమ్మ కుమ్మరి ఆరబెట్టిన పచ్చికుండ వంటిది. ఆకారం ఉంటుంది, చేత్తో పట్టుకోవచ్చు, కానీ దాని లోపల దాదాపు నలభై శాతం గాలి ఖాళీలే.

ఆ పచ్చిదిమ్మకు ఆవం హైడ్రోజన్ నిండిన ఫర్నేస్. ఇక్కడ తొందర పనికిరాదు. ప్రతి రేణువు మీదా పలుచని ఆక్సైడు పొర ఉంటుంది, వేడెక్కేకొద్దీ హైడ్రోజన్ దాన్ని నీటి ఆవిరిగా మారుస్తుంది. రేణువుల మధ్య దారులు తెరిచి ఉన్నప్పుడే ఆ ఆవిరి బయటికి పోవాలి. వేడి వేగంగా పెంచితే దారులు ముందే మూసుకుపోయి ఆవిరి లోపల చిక్కుకుంటుంది, రంధ్రాలూ బుడగలూ మిగులుతాయి. దీన్ని అరికట్టడానికి పై ఉష్ణోగ్రతల్లో హైడ్రోజన్‌కు కావాలనే కొంత తేమ కలుపుతారు. ఆవిరి సమస్యకు తేమ మందు అని వినగానే నాకు వింతగా తోచింది. గ్యాసులో ముందే తేమ ఉంటే లోపల కొత్తగా ఆవిరి పుట్టే చర్య మందగిస్తుందని మేనల్లుడు వివరించాక గాని నమ్మకం కుదరలేదు.

ఆపైన 1460 నుంచి 1500 డిగ్రీల మధ్య అసలు సంగతి జరుగుతుంది. నికెల్, ఇనుము కరిగి, కొంత టంగ్‌స్టన్‌ను తమలో కలుపుకుని, నువ్వుల ఉండలో బెల్లంపాకంలా గింజల మధ్యకు పాకుతాయి. నువ్వులతో పోలిక ఇక్కడి వరకే చెల్లుతుంది, ఎందుకంటే నువ్వులు పాకంలో కరగవు, టంగ్‌స్టన్ కరుగుతుంది. చిన్న గింజలు ద్రవంలో కరిగిపోయి, ఆ కరిగినది వచ్చి పెద్ద గింజల మీద పేరుకుంటుంది. కొన్ని మైక్రాన్ల రేణువులు అరగంట, గంటలో పది రెట్లు పెరిగి గోళీల్లా గుండ్రబడతాయి. ఖాళీలు పూడిపోతాయి, దిమ్మ పొడవులో సుమారు ఆరో వంతు కుంచించుకుపోతుంది. 1930లలో ఇంగ్లండులో రేడియం చికిత్సకు సీసం కన్నా దట్టమైన కవచం కోసం నికెల్, రాగి, టంగ్‌స్టన్ మిశ్రమాలను తయారుచేసినప్పుడే ఈ ప్రక్రియ వెలుగులోకి వచ్చింది. చిన్న గింజలు కరిగి పెద్ద గింజలు పెరుగుతాయన్న వివరణను ప్రైస్, స్మిథెల్స్, విలియమ్స్ 1938లో ప్రచురించారు. ఈ రోజు క్యాన్సర్ ఆసుపత్రుల్లోని కవచాల నుంచి తిరుచిరాపల్లిలో యుద్ధట్యాంకుల గుండ్ల కోసం నెలకొల్పిన హెవీ అల్లాయ్ పెనెట్రేటర్ ప్రాజెక్టు వరకు అందరిదీ ఇదే మూలసూత్రం. పాకం మరీ పలుచనైనా, వేడి ఎక్కువసేపు ఉంచినా దిమ్మ తన బరువుకే కుంగి అడుగున ఉబ్బుతుంది. ఆ లోపమైతే కంటికి కనిపిస్తుంది. మా మొదటి రాడ్డు లోపం కంటికి కనిపించేది కాదు.

సింటరింగ్, అంటే పొడిదిమ్మను ఇలా కాల్చి గట్టిపరచడం, అంతా హైడ్రోజన్‌లో జరిగింది కాబట్టి చల్లారిన లోహంలో కొంత హైడ్రోజన్ మిగిలి దాన్ని పెళుసుగా చేస్తుంది. దానికి తోడు, పొడిలో అతి స్వల్పంగా ఉండే భాస్వరం, గంధకం వంటి మలినాలు నెమ్మదిగా చల్లారేటప్పుడు గింజకూ దాని చుట్టూ గడ్డకట్టిన నికెల్, ఇనుము పాకపు బంధానికీ మధ్య సరిహద్దులో చేరి పట్టును సడలిస్తాయి. ఈ రెండింటికీ విరుగుడు ఒకటే: రాడ్డును శూన్యంలో గాని ఆర్గాన్ వంటి జడవాయువులో గాని వెయ్యి డిగ్రీలకు పైగా కొన్ని గంటలు ఉంచి, హైడ్రోజన్‌ను వెళ్లగొట్టి, వెంటనే నీటిలో ముంచి వేగంగా చల్లార్చాలి. ఇది చేసినా చేయకపోయినా మిశ్రమం మారదు, సాంద్రత మారదు, పైకి మెరుపు కూడా మారదు. మారేది ముఖ్యంగా సాగే గుణం. సరఫరాదారును మళ్లీ అడిగితే తమ రాడ్లకు సింటరింగ్ తరువాత ఏ హీట్ ట్రీట్‌మెంటూ చేయలేదని, ఎక్కువ మంది వాటిని తూకపు దిమ్మలుగానే వాడతారు కాబట్టి అవసరం రాలేదని చెప్పారు. యంత్రాల్లో ఊరికే బరువుగా కూర్చునే దిమ్మకు నిజంగానే అవసరం లేదు. దెబ్బ తినే బార్‌కు మాత్రం అది లేకపోతే ప్రాణం లేనట్టే. ఏ పనికి కొంటున్నానో వారు అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండో రాడ్డు కొనేటప్పుడు ముందుగా అడిగింది సాగే శాతం, అంటే తెగేలోపు ఎంత సాగుతుందన్నది. బీ777 ప్రమాణం రెండో తరగతికి తెగే బలం కనీసం 758 మెగాపాస్కల్స్, సాగడం కనీసం 5 శాతం ఉండాలంటుంది. ఈ సరఫరాదారు పత్రంలో సాగడం 20 శాతం దాటి ఉంది, శూన్యంలో చేసిన హీట్ ట్రీట్‌మెంట్ వివరం, ఏ విడతలో కాల్చారో చెప్పే ఫర్నేస్ లాట్ నంబరు కూడా ఉన్నాయి. కాగితాన్ని మాత్రమే నమ్మే స్థితిలో నేను లేను కాబట్టి చివరి నుంచి బిళ్లతో పాటు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ ఒకటి వైర్‌కట్‌లో తీయించాను, మొదటి రాడ్డు ముక్క నుంచి కూడా అలాంటిదే తీయించాను. రెండు పట్టీలనూ ఒకదాని తరువాత ఒకటి వైస్‌లో బిగించి పైపుముక్కతో వంచాం. మొదటి రాడ్డు పట్టీ వంగుతున్న ఆనవాలు లేకుండానే పుటుక్కుమంది. రెండో రాడ్డు పట్టీ సుమారు ముప్పై డిగ్రీలు వంగింది, వంపు బయటి వైపు చర్మం ముడతలు పడినట్టు గరుకుతేలింది, ఆ తరువాత గాని పగులు రాలేదు. గంటస్తంభం దగ్గర తూచిన సాంద్రత 17.50, అంటే మొదటి దానికీ దీనికీ తేడా 0.03. ఆ సంఖ్యను చూసి ఈ రెండు పట్టీలను ఎవరూ వేరు చేయలేరు.

పనిలో దాని ప్రవర్తన గురించి. వంగకుండా నిలిచే బిగువును చెప్పే స్థితిస్థాపక గుణకం స్టీలుకు 205 గిగాపాస్కల్స్ అయితే దీనిది సుమారు 345, కాబట్టి అదే కోతకు ఇది స్టీలులో అరవై శాతం మాత్రమే వంగుతుంది. పైగా కొన వద్ద ఉన్న బరువు వణుకును లేవనివ్వదు. ఇంత బరువైన బార్ తన బరువుకే వాలిపోదా అని మా టర్నర్ అనుమానపడ్డాడు. లెక్కవేస్తే 120 మిల్లీమీటర్ల పొడవుకు వాలు అర మైక్రాన్. మా బోర్ గేజీకి అందే కొలతే కాదు. స్టీలు బార్‌తో స్లీవ్ నోటికీ లోపలి చివరకూ మధ్య 0.05, 0.06 మిల్లీమీటరు తేడా వచ్చేది, ఇప్పుడు 0.02 మిల్లీమీటరుకు మించడం లేదు. చప్పుడు పోయింది. లోపలి గోడ వెలుగులో పట్టి చూస్తే ఒకే తీరు మెరుపు, చివరి పది మిల్లీమీటర్లలో కూడా. ఎమెరీ కాగితం పని పూర్తిగా మానేశాం, గంటకు అయ్యే స్లీవ్‌ల లెక్క పెరిగింది. వ్యాసానికి ఏడు రెట్లు బయటికి పెట్టి చూశాం. అక్కడ మళ్లీ అరుపు మొదలైంది, కాబట్టి ఆరు దాటి దీని నుంచి ఆశించకూడదు.

బార్ తయారీలో ఇబ్బందులు లేకపోలేదు. టర్నింగులో ఇది బీడును కోసినట్టు పొట్టి చిప్పులతో కోసుకుపోతుంది, మామూలు కార్బైడ్ ఇన్సర్ట్ చాలు, కానీ దాని అంచు స్టీలు మీద కన్నా త్వరగా అరుగుతుంది. ట్యాపింగ్, అంటే రంధ్రంలో స్క్రూ మరలు కోయడం, మాత్రం పరీక్షే. మొదటి రాడ్డులో ఎం4 ట్యాప్ ఒకటి లోపలే విరిగింది. రెండోసారి మిల్లింగ్ యంత్రం మీద థ్రెడ్ మిల్‌తో మరలు కోయించాం, ఇన్సర్ట్ కూర్చునే గాడి లోపలి మూలలను పదునుగా వదలకుండా గుండ్రంగా తీయించాం. మూల గుండ్రంగా ఉండడం ఈ లోహంలో స్టీలులో కన్నా ముఖ్యం, ఒత్తిడంతా అక్కడే చేరుతుంది. సానబట్టేటప్పుడు లేచే ధూళిలో నికెల్ ఉంటుంది కాబట్టి ముక్కుకు మాస్కు తప్పనిసరి. మా కుర్రవాళ్లకు ఇది గట్టిగా చెప్పాను. వానాకాలంలో మన తీరపు ఉప్పుగాలికి రాడ్డు మీద మచ్చలు కనిపించాయి, సాయంత్రం నూనె గుడ్డతో తుడిచి పెడితే ఆగాయి. ధర స్టీలుకు ఎన్నో రెట్లు. లోతైన బోరింగ్ నెలకు ఒకటో రెండో వచ్చే షాపుకు ఇది లాభసాటి కాదు, వారం వారం వచ్చే షాపు మాత్రం ఆలోచించకుండా తీసుకోవచ్చు.

మొదటి సరఫరాదారు రాడ్డు తూకపు దిమ్మకు సరిపోతుంది, బోరింగ్ బార్‌కు నేను సిఫారసు చేయలేను. రెండో వారి దగ్గర ఇప్పుడు 45 మిల్లీమీటర్ల రంధ్రాల కోసం 25 మిల్లీమీటర్ల రాడ్డు ఆర్డరు పెట్టాను. అదే ఫర్నేస్ లాట్ నుంచి రెండు మిల్లీమీటర్ల పట్టీ ఒకటి ముందుగా పంపాలని, అది మా వైస్‌లో వంగాకే మిగతా సొమ్ము ఇస్తానని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. పట్టీ నిన్న వచ్చింది. వంగింది.